తలుపు కింది ఇనుముకు ఓ నియమం రాయండి
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లకు బహిరంగ లేఖ



కొండదారుల్లో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు తలుపుల కింద, రెండు పక్కలా బిగించే ఇనుప రెయిళ్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆఫ్‌రోడ్ నడిపేవాళ్లు వీటిని రాక్ స్లైడర్లు అంటారు. వీటిని ఇంటి దగ్గరే బిగించుకునేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటేటా పెరుగుతున్నారు. బిగించుకున్నవాడికి మాత్రం తాను చట్టానికి లోబడి ఉన్నాడో, దాటి పోయాడో తెలియదు. దారిలో ఆపిన బ్రేకు ఇన్‌స్పెక్టర్ గారికీ చూసి తేల్చడానికి చేతిలో కాగితం ఉండదు.

మీకు నా విన్నపం ఒక్కటే. ఛాసిస్‌కు సరిగ్గా బిగించిన పక్క రెయిల్‌ను, బండి ముందు బిగించే బుల్‌బార్‌ను ఒకే గాటన కట్టకండి. ఏది సరైన రెయిలో, దాన్ని ఎలా బిగించాలో రాసి ఇవ్వండి. రాసి ఇచ్చాక కూడా పాటించనివాళ్ల మీద నిస్సంకోచంగా కేసు పెట్టండి.

ఈ రెయిల్ దేనికో ముందు చెబుతాను. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బండ్లు ఛాసిస్ మీద కట్టినవి. కింద నిచ్చెన ఆకారంలో గట్టి ఉక్కు చట్రం ఉంటుంది. దాని మీద రబ్బరు దిమ్మలు, వాటి మీద బాడీ కూర్చుంటుంది. ఇంజను, సస్పెన్షను, చక్రాల భారమంతా మోసేది ఛాసిస్. బాడీ రేకు. తలుపు వేసినప్పుడు దాని కింది అంచు ఆనుకునే భాగం, అంటే బండి గడప, ఆ బాడీలోదే. రాళ్ల దారిలో ముందు చక్రం ఒక రాయిని ఎక్కి దిగాక, వెనక చక్రం దాన్ని ఇంకా ఎక్కకముందు, ఆ రాయి ఉండేది సరిగ్గా ఈ గడప కిందే. బండి ఒక పక్కకి జారితే బరువంతా తీసుకెళ్లి దాని మీదే పెడుతుంది.

ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. మూడు తలుపుల థార్‌లో ఆ దూరం 2,450 మిల్లీమీటర్లు. 2024లో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌లో 2,850. విదేశాల్లో అమ్మే మూడు తలుపుల జిమ్నీకి 2,250 ఉంటే, 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి 2,590. ఇంటిల్లిపాదీ కూర్చునేందుకు బండి పొడుగైంది. పొట్ట రాయికి తగిలే అవకాశం కూడా దాంతోపాటే పెరిగింది.

గడప నొక్కుకుపోతే తలుపు సరిగ్గా పడదు. పెయింటు లేచిన చోట ఒక్క వానాకాలం చాలు, తుప్పు లోపలికి పాకుతుంది. బంపర్ పాడైతే విప్పి కొత్తది బిగించవచ్చు. గడప అలా కాదు, కోసి వెల్డింగ్ చేయాల్సిందే. పక్క నుంచి మరో బండి గుద్దినప్పుడు లోపలి మనుషులను కాపాడే భాగాల్లో గడప ఒకటి కాబట్టి, ఒకసారి కోసి అతికాక దాని మునుపటి బలం మీద భరోసా తగ్గుతుంది. రాయి దెబ్బను రేకు మీద పడనీయకుండా ఛాసిస్ మీదికి మళ్లించడమే రెయిల్ చేసే పని.

ఇది సెలవు రోజున సరదాకి బురదలో తిరిగేవాళ్ల గొడవ అనుకోవద్దు. బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతం దాకా రాళ్ల బాటలో పర్యాటకులను జీపుల్లో తిప్పి బతికే కుటుంబాలున్నాయి. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు లోపలి గూడేలకు తారు రోడ్డు ఆగిపోయిన చోట నుంచి మనుషులనూ సరుకులనూ చేర్చేది జీపే. గెడ్డ దాటేటప్పుడు నీళ్ల కింద రాయి ఎక్కడుందో డ్రైవరుకు కనిపించదు. అలాంటి బండి గడప కాపాడుకోవడం అలంకారం కిందికి రాదు. అది అతని జీవనాధారాన్ని కాపాడుకోవడం.

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకూ జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకుముందే, 2017 డిసెంబరులో, కేంద్ర రోడ్డు రవాణా శాఖ బండ్ల ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు లేఖ రాసింది.

ఆ లేఖను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. బండి ముందు భాగాన్ని కంపెనీలు ఢీకొన్నప్పుడు నలిగేలా కావాలనే తయారుచేస్తాయి. అది నలుగుతూ దెబ్బను మింగుతుంది, లోపలివాళ్లకు తగిలే కుదుపును తగ్గిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో లెక్క కూడా ఆ నలుగుడు మీదే ఆధారపడి ఉంటుంది. ముందు గట్టి ఇనుము పెడితే ఆ లెక్క తప్పుతుంది. ఇక బండికి ఎదురుగా ఉన్నవాడు నడిచి వెళ్లే మనిషైతే, ఆ ఇనుము నేరుగా తొడకో నడుముకో తగులుతుంది. ఇంత ప్రమాదాన్ని అలంకారం కోసం రోడ్డు మీదికి తేవడం తప్పు. మీ సిబ్బంది బుల్‌బార్లు ఊడదీయిస్తే నేను మీ పక్షానే ఉంటాను.

పక్క రెయిల్ ఉండే చోటు వేరు, చేసే పని వేరు. అది బండి పొట్ట పక్కన, గడప కిందుగా ఉంటుంది. సరిగ్గా బిగిస్తే బండి వెడల్పును దాటి బయటికి రాదు. ఇంజనును మార్చదు, రంగును మార్చదు, సీట్ల సంఖ్యను మార్చదు. మార్పు అంటే బండి నిర్మాణంలో దాని మూల లక్షణాన్నే మార్చేసేది అని 52వ సెక్షన్‌కు ఇచ్చిన వివరణే చెబుతోంది. ఛాసిస్‌కు ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించి, కావలసినప్పుడు విప్పేయగల రెయిల్ ఆ కిందికి వస్తుందా? రాదని నా వాదన. వస్తుందని వాదించేవాళ్లూ ఉన్నారు. తేల్చాల్సింది రోడ్డు పక్కన నిలబడి వాదించుకునే డ్రైవరు, ఇన్‌స్పెక్టరు కాదు.

ఇంకో మాట కూడా ఆలోచించండి. అమెరికా కంపెనీ జీప్ తన రాంగ్లర్ రూబికాన్‌కు ఇలాంటి రెయిళ్లను ఫ్యాక్టరీలోనే బిగిస్తుంది. ఆ మోడల్ మన దేశంలోనూ అమ్మకానికి వచ్చింది. 60 లక్షలు దాటిన బండికి కంపెనీ బిగించి ఇచ్చినది సక్రమమైనప్పుడు, అంతకన్నా ఎంతో తక్కువ ధర బండికి అదే పని చేసే రెయిల్‌ను సక్రమంగా బిగించుకునే దారి కూడా ఉండాలి కదా.

అయితే అన్ని రెయిళ్లనూ వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. నియమం లేకపోవడం వల్ల జరుగుతున్న అసలు నష్టం విడిభాగాల దుకాణాల్లో కనిపిస్తుంది. అక్కడ రాక్ స్లైడర్ పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు కాలు పెట్టి ఎక్కే సైడ్ స్టెప్పులు. పల్చటి గొట్టం, పైన నల్ల పెయింటు, రెండు చివర్లా ప్లాస్టిక్ టోపీలు. కొన్నిటిని ఛాసిస్ జోలికి పోకుండా గడప రేకుకే స్క్రూలతో బిగిస్తారు. రాయి తగిలిందంటే ఆ స్టెప్పు పైకి మడుచుకుపోయి గడపను తనతోపాటే నొక్కేస్తుంది. కొన్నిసార్లు తలుపుకు అడ్డం పడి తెరుచుకోనివ్వదు. ఏమీ లేకపోతే ఒక్క నొక్కుతో పోయేది, స్టెప్పు వల్ల మనిషి బయటికి రాలేని స్థితి వస్తుంది. కొన్నేమో టైర్లను దాటి బయటికి పొడుచుకొచ్చి, పక్కన పోయే బైకు మనిషి మోకాలికి గురిపెట్టినట్టుంటాయి. ఇవాళ మీ సిబ్బంది అన్నిటినీ ఆపాలి, లేదా అన్నిటినీ వదలాలి. మంచిదేదో చెప్పే కాగితం ఉంటే చెడ్డదాన్ని అక్కడికక్కడే పట్టుకోగలరు.

ఇంట్లో బిగించడం అంటే మీ శాఖకు భయం ఉండవచ్చు. అందుకే ఆ పని సక్రమంగా ఎలా సాగుతుందో వివరంగా చెబుతాను. వీటిలో ఎన్నిటిని మీరు నియమంగా మార్చవచ్చో మీకే తెలుస్తుంది.

పని చదునైన నేల మీద మొదలవుతుంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. బండి లేపాల్సి వస్తే జాకీ మీద వదిలేసి కిందికి దూరకూడదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదికి దించి, ఒకసారి గట్టిగా ఊపి చూశాకే కిందికి వెళ్లాలి. ఇద్దరు మనుషులు ఉండాలి. గట్టి రెయిల్ ఒక్కొక్కటి ఒక్కడు ఒంటి చేత్తో పట్టుకుని బోల్టు ఎక్కించేంత తేలిక కాదు.

అట్ట పరుచుకుని కింద పడుకున్నాక మొదట తీయాల్సింది టార్చి, పానా కాదు. ఛాసిస్ పక్క దూలం లోపలి వైపు వెలుగు వేసి చూస్తే, దాని పొడవునా క్లిప్పులతో పట్టి ఉంచిన పైపులు, వైర్ల కట్టలు కనిపిస్తాయి. ఒకటి వెనక చక్రాలకు పోయే బ్రేకు పైపు, ఒకటి ఇంధనం పైపు. రెయిల్ బ్రాకెట్టుకు వెనక పట్టీ ఉంటే అది ఈ పైపుల పక్కనే కూర్చుంటుంది. పట్టీ అంచు బ్రేకు పైపును ఆనుకుంటే ఆ రోజు ఏమీ తెలియదు. వేల కిలోమీటర్ల అదురుకి రాసుకుని రాసుకుని, ఎప్పుడో ఒక ఘాట్ దిగుడులో పైపు చిల్లు పడుతుంది. అందుకే ప్రతి బ్రాకెట్టు వెనకా వేలు పెట్టి తడిమి చూడాలి. వేలికి పైపు తగిలితే, పట్టీ సరిగ్గా కూర్చోలేదనే లెక్క.

రంధ్రాల విషయంలో రాజీ పడకూడదు. ఛాసిస్‌కు కంపెనీ ఇచ్చిన రంధ్రాలనే వాడాలి. దూలం పై అంచుకూ కింది అంచుకూ కొత్త రంధ్రం అసలు వేయకూడదు. బండి వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది ఆ అంచుల మీదే. రంధ్రం దగ్గర మొదలైన చీలిక అక్కడితో ఆగదు. వెల్డింగ్ కూడా ఇంట్లో చేయదగ్గ పని కాదు. ఆ వేడికి అతుకు చుట్టూ ఉక్కు గుణం మారిపోతుంది. పెట్టెలాంటి దూలం లోపల ఉన్న పూత కాలిపోతుంది, మన బ్రష్షు అక్కడికి చేరదు, తుప్పు లోపలి నుంచి తినడం మొదలుపెడుతుంది. ఇంధనం పైపు పక్కనే నిప్పురవ్వలు పడే ముప్పు సరే సరి.

బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలి. ముందున్న 8 అంటే ఆ ఉక్కు 800 మెగాపాస్కల్స్ దాకా లాగుడుకు తెగదని. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం దాకా సాగి వంగిపోకుండా నిలుస్తుందని. అచ్చు లేని బోల్టు ఎంత కొత్తగా మెరుస్తున్నా పక్కన పెట్టేయాలి. గొట్టం గోడ మందం మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఐదు తలుపుల జిమ్నీ ఖాళీ బరువే దాదాపు 1,200 కిలోలు. రెయిల్ మీద బండి వాలినప్పుడు అందులో పెద్ద వాటా క్షణంలో దాని మీద పడుతుంది.

ఇక బిగింపు. అన్ని బోల్టులనూ చేత్తో ఎక్కించి వదులుగానే ఉంచాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే మూడోది రంధ్రానికి అందదు. రెయిల్ కింద చెక్క దిమ్మ పెట్టి, జాకీతో కొద్దికొద్దిగా లేపి, రెయిల్‌కూ గడపకూ మధ్య ఖాళీ ముందు చివరా వెనక చివరా సమంగా ఉందో లేదో చూడాలి. ఆ ఖాళీ తప్పనిసరిగా ఉండాలి. రబ్బరు దిమ్మల మీద ఉన్న బాడీ గుంతల్లో ఛాసిస్ మీద కాస్త కదులుతుంది, రెయిల్ మాత్రం ఛాసిస్‌తోపాటే కదలకుండా ఉంటుంది. ఖాళీ లేకపోతే గడపే వచ్చి రెయిల్‌కు కొట్టుకుంటుంది. సమంగా ఉందని తేలాక, మధ్య బ్రాకెట్టు నుంచి చివరలకు వస్తూ, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో, తయారీదారు చెప్పిన కొలతకు బిగించాలి. చేతి బలాన్ని నమ్ముకోకూడదు. బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి బ్రాకెట్టు మీదికి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీస్తే, తర్వాత బోల్టు కాస్త తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ రెంచి వేసి చూడాలి. రాపిడికి పెయింటు లేచిన చోట జింకు ప్రైమరు పూయాలి.

చివరగా ఒక పరీక్ష. రెయిల్ నడుమ జాకీ పెట్టి, ఆ పక్క చక్రాలు నేల వదిలే దాకా మెల్లగా లేపాలి. అప్పటికీ రెయిల్‌కూ గడపకూ మధ్య ఖాళీ మిగిలి ఉండాలి. తలుపు ఎప్పటిలాగే తెరుచుకుని పడాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు, ల్యాబు అక్కర్లేదు. రేకు స్టెప్పు దీనికి నిలవదు. సరైన రెయిల్ నిలుస్తుంది.

ఇప్పుడు మీ నుంచి కోరుతున్నవి చెబుతాను.

మొదటిది మీ చేతిలో పని. మీ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లందరికీ ఒక పేజీ సూచన పంపండి. రెయిల్ బాడీ రేకుకు కాక ఛాసిస్‌కు బిగించి ఉందా, కంపెనీ రంధ్రాలనే వాడారా, బండి వెడల్పును దాటకుండా ఉందా, చివరలు మూసి అంచులు నున్నగా ఉన్నాయా, బోల్టులకు గ్రేడు అచ్చు ఉందా, తలుపు అడ్డు లేకుండా తెరుచుకుంటుందా? ఈ ఆరూ సరిపోతే బండిని వదలండి. ఏ ఒక్కటి తప్పినా ఊడదీయించండి.

రెండోది ఢిల్లీకి రాయాల్సిన ఉత్తరం. పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ చేత పక్క రెయిళ్లకు ఒక ఏఐఎస్ (వాహన పరిశ్రమ) ప్రమాణం రాయించమని కేంద్ర రోడ్డు రవాణా శాఖను రెండు రాష్ట్రాలూ కలిసి అడగండి. ఇందులో కొత్త పుంతలు తొక్కాల్సిన అవసరం లేదు. సీఎన్‌జీ కిట్లను పెట్రోలు బండికి తర్వాత అమర్చుకునే వీలు అదే 52వ సెక్షన్‌లో ఉంది, ఆమోదం పొందిన కిట్ అయితే చాలు. లారీల పక్కన, సైకిలు మనిషి చక్రాల కింద పడకుండా పెట్టే గార్డులకూ మన దేశంలో ప్రమాణం ఉంది. ఐరోపా సమాఖ్య 2005లో బండి ముందు బిగించే గార్డుల మీదే పాదచారుల భద్రత పరీక్షలు పెట్టి, నెగ్గినవాటినే అమ్మనిచ్చింది. ఆస్ట్రేలియాలో చిన్న బండ్లకు చేసే మార్పులన్నిటికీ వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళి ఉంది. మన ప్రమాణంలో పక్క నుంచి గుద్దుకునే పరీక్ష తప్పక ఉండాలి. చాలా బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌ను తెరిపించే సెన్సర్లు తలుపుల మధ్య స్తంభం దగ్గర ఉంటాయి. రెయిల్ ఉన్నప్పుడు కూడా అవి వేళకు పనిచేస్తాయని పరీక్షలో తేలాలి. తేలకపోతే ఆ రెయిల్‌కు ఆమోదం వద్దు. లోపలి పిల్లల ప్రాణం కన్నా గడప రేకు ఎక్కువ కాదు.

మూడోది తయారీ కంపెనీలకు చెప్పాల్సిన మాట. ఛాసిస్‌పై ఏ రంధ్రం దేనికో, ఏ బోల్టును ఎంత టార్కుకు బిగించాలో యజమానికి ఇచ్చే పుస్తకంలో ముద్రించమనండి. ఆ వివరం డీలరు వర్క్‌షాపు గోడ దాటకపోతే, ఇంట్లో బిగించేవాడు ఊహ మీద ఆధారపడతాడు. ఊహతో బిగించిన బోల్టు అతనికే కాదు, వెనక వచ్చేవాడికీ ప్రమాదం.

నాలుగోది అమ్మేవాళ్ల మీద నిఘా. భద్రతకు కీలకమని ప్రభుత్వం నోటిఫై చేసిన విడిభాగాన్ని ప్రమాణానికి విరుద్ధంగా అమ్మితే 182ఏ సెక్షన్ కిందే ఏడాది వరకూ జైలు, లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ప్రమాణం రాయించి, రెయిల్‌ను ఆ జాబితాలో చేర్పించగలిగితే రేకు స్టెప్పుకు స్లైడర్ అని చీటీ అంటించి అమ్మడానికి ఎవరూ సాహసించరు.

బండ్ల యజమానులుగా మా వైపు నుంచి కూడా బాధ్యత ఉంది. తారు రోడ్డు దాటని బండికి రెయిల్ అక్కర్లేదు. దాని బరువు మోసుకు తిరిగితే ఇంధనం ఖర్చు తప్ప ప్రయోజనం లేదు. రెయిల్ బిగించుకున్నవాళ్లు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. బిల్లు, బోల్టుల వివరం, బిగించిన తేదీ కాగితం మీద పెట్టి బండిలో ఉంచాలి. రెయిల్ ఉంది కదా అని ఆగి చూడాల్సిన రాయి మీదికి వేగంగా పోకూడదు. ఈ మాటలు నాతోపాటు బండ్లు నడిపేవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. మీ నియమం తోడైతే ఆ మాటకు బలం వస్తుంది.

కమిషనర్ గార్లూ, మేము అడుగుతున్నది మినహాయింపు కాదు, కొలత. కొలత ఉంటే నిజాయితీగా పనిచేసే మెకానిక్కు, జాగ్రత్తగా బిగించుకునే యజమాని, రోడ్డు మీద నిలబడే మీ ఇన్‌స్పెక్టరు ముగ్గురూ ఒకే కాగితం చూసి మాట్లాడుకోగలరు. ఆ కాగితం రాయడానికి కూర్చున్న రోజు మమ్మల్ని పిలవండి. బండి, రెయిళ్లు, పనిముట్లు మేమే తెచ్చుకుంటాం. మీ కార్యాలయ ఆవరణలోనే, మీ ఇంజనీర్ల ఎదుట బిగించి, జాకీ మీద లేపి చూపిస్తాం. నిలవకపోతే అక్కడే విప్పేస్తాం. నిలిస్తే రాసి ఇవ్వండి.

ఇట్లు,
విశాఖ జిల్లా నుంచి ఒక జీపు యజమాని